స్కాన్‌లో మెడ క్లియర్ అన్నారు. అయినా మెడ కూడా ఆపరేషన్ చేయాలంటున్నారు, ఎందుకు?

మిర్చియార్డు అమ్మాయి
ఫిబ్రవరి 9, రాత్రి 10:20

అందరికీ నమస్కారం. మాది గుంటూరు. నాన్నకి 53 ఏళ్ళు, మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో గుమస్తా. ఇరవై ఏళ్ళుగా ఖైనీ అలవాటు. సంక్రాంతికి ముందు నుంచి నాలుక కుడి పక్కన పుండు ఉంది. పన్ను గీసుకుని అయ్యిందనుకుని పళ్ళ డాక్టర్ దగ్గరికి వెళ్తే, ఆయన చూసీ చూడగానే ముక్క పరీక్షకి పంపారు. ఆయనకి ఎంత రుణపడ్డామో చెప్పలేను. క్యాన్సర్ అని వచ్చింది.

ఎమ్మారైలో పుండు 1.8 సెంటీమీటర్లు, లోతు 6 మిల్లీమీటర్లు, మెడలో అనుమానించాల్సిన నోడ్స్ (శోషరస గ్రంథులు) ఏమీ లేవు అని రాశారు. సర్జన్ గారు మెడంతా చేత్తో తడిమి చూసి, బిళ్ళలు ఏమీ తగలడం లేదన్నారు. తొందరగా కనిపెట్టాం, చిన్నదే అని కాస్త ధైర్యం వచ్చింది.

నిన్నేమో నాలుకలో ఆ భాగంతో పాటు మెడలో కుడి వైపు నోడ్స్ కూడా తీసేయాలన్నారు. చెవి కింద నుంచి గొంతు దాకా కోత అట. బాబాయ్ ససేమిరా ఒప్పుకోవడం లేదు. "లేని జబ్బుకి కోత ఏంటి? వైద్య సేవ కార్డులో బిల్లు పెంచుకోడానికి" అంటున్నాడు. అమ్మ ఏడుస్తోంది. నాన్న ఏమీ మాట్లాడటం లేదు. స్కాన్‌లో లేనిదాన్ని ఎందుకు తీస్తారు? దయచేసి తెలిసినవాళ్ళు చెప్పండి. మంగళవారం లోపు మా నిర్ణయం చెప్పాలి.


కృష్ణలంక కుర్రాడు
ఫిబ్రవరి 9, రాత్రి 10:41

చెల్లీ, టెన్షన్ పడకు. ముందు పెట్ సీటీ చేయించండి. ఒళ్ళంతా ఎక్కడ ఏముందో వెలిగిపోతుంది. పెట్‌లో కూడా మెడ క్లియర్ వస్తే కోయొద్దని గట్టిగా చెప్పండి.


స్లైడు మాస్టారు
ఫిబ్రవరి 9, రాత్రి 11:35

అమ్మాయీ, నేను ముప్పై ఏళ్ళు పాథాలజీలో, అంటే ముక్క పరీక్షలు చేసే విభాగంలో పనిచేసి రిటైరైనవాణ్ణి. ఈ ప్రశ్న నన్ను చాలామంది అడిగారు. కాస్త వివరంగా రాస్తాను, మీ బాబాయ్‌కి కూడా చదివి వినిపించు.

స్కాన్ క్లియర్ అంటే "మాకు కనిపించేంత పెద్దది ఏమీ లేదు" అని. "ఏమీ లేదు" అని కాదు. ఈ రెండింటి మధ్య తేడాలోనే మనుషుల ప్రాణాలు ఉన్నాయి.

సీటీ, ఎమ్మారై ప్రధానంగా చూసేది నోడ్ సైజు, ఆకారం. అడ్డంగా 10 మిల్లీమీటర్లు దాటితేనో, లోపల కుళ్ళినట్టు కనిపిస్తేనో అనుమానం అని రాస్తారు. అందరి మెడలోనూ ఆరేడు మిల్లీమీటర్ల నోడ్స్ మామూలుగానే ఉంటాయి. అలాంటి ఒక నోడ్‌లో మూల ఒకటిన్నర మిల్లీమీటర్ల క్యాన్సర్ కణాల గుంపు చేరితే దాని సైజు మారదు, ఆకారం మారదు. చేతికి తగలదు, స్కాన్‌కి దొరకదు. కానీ ఒక్క మిల్లీమీటరు ముద్దలో సుమారు పది లక్షల కణాలు పడతాయి. దీన్నే మేం దాక్కున్న మెటాస్టాసిస్ (మొదటి చోటి నుంచి పాకిన క్యాన్సర్) అంటాం.

తొలి దశ నోటి క్యాన్సర్‌లో చేతి పరీక్షలోనూ, స్కాన్‌లోనూ మెడ శుభ్రంగా ఉన్నవాళ్ళలో కూడా 20 నుంచి 30 శాతం మందికి నోడ్స్‌లో ఇలా దాక్కుని ఉంటుంది. అంటే నలుగురైదుగురిలో ఒకరికి.

పై తమ్ముడు పెట్ గురించి చెప్పాడు. మంచి పరీక్షే, కాదనను. అయితే నాలుగైదు మిల్లీమీటర్ల కన్నా చిన్నదాన్ని పట్టుకోవడం దానికీ కష్టమే. పైగా మన దేశంలో ఇంకో చిక్కు ఉంది. పాత టీబీ నోడ్ ఉన్నా వెలుగుతుంది, పన్ను చీము పట్టినా, నిన్నగాక మొన్న ముక్క తీసిన పుండు పచ్చిగా ఉన్నా పక్క నోడ్ వెలుగుతుంది. వెలిగినదంతా క్యాన్సర్ కాదు, వెలగనిదంతా శుభ్రం కాదు.

మీది మిర్చి యార్డు కుటుంబం కాబట్టి ఇలా చెప్తాను. బస్తా మూతి విప్పి మచ్చు చూస్తారు కదా. పైన కాయంతా ఎర్రగా నిగనిగలాడుతుంది. అడుగున గుప్పెడు తాలు కాయ ఉంటే ఆ మచ్చులో తెలుస్తుందా? బస్తా కుమ్మరిస్తేనే తెలుస్తుంది. మెడ ఆపరేషన్ ఒక రకంగా బస్తా కుమ్మరించి చూడటం. తాలు ఉంటే ఏరివేత కూడా అదే చేత్తో అయిపోతుంది.


మిర్చియార్డు అమ్మాయి
ఫిబ్రవరి 10, ఉదయం 6:15

మాస్టారూ, చాలా థాంక్స్ అండి. రాత్రే నాన్నకి చదివి వినిపించాను. తాలు కాయ మాట విని తలూపారు. ఒక్కటే సందేహం. నలుగురిలో ఒకరికి ఉంటుందంటే మిగతా ముగ్గురికీ ఉత్తినే కోసినట్టే కదా? నెలనెలా చూపించుకుంటూ, బిళ్ళ కడితే అప్పుడు తీయించుకోకూడదా?


బందరు లాకులు
ఫిబ్రవరి 10, ఉదయం 7:50

అమ్మా, నీ ప్రశ్న చదివాక రాయకుండా ఉండలేకపోయాను.

మా తమ్ముడికి అచ్చం ఇదే. నాలుక పక్కన చిన్న పుండు. మేం వెళ్ళిన చోట నాలుకలో ముక్క వరకు తీసి, మెడ జోలికి వెళ్ళలేదు. "క్లియర్‌గా ఉంది, చూస్తూ ఉందాం" అన్నారు. చూస్తూ ఉండటం అంటే ఏమిటో మాకెవరూ విడమర్చి చెప్పలేదు. క్రమం తప్పకుండా అల్ట్రాసౌండ్ తీయాలని తెలియదు. పుండు మానింది, వాడు మళ్ళీ ఆటో తోలుకుంటున్నాడు. మొదటి రెండు నెలలు వెళ్ళాడు. తర్వాత పిల్ల పెళ్ళి, తర్వాత వానలు. ఏడో నెలలో గడ్డం గీసుకుంటుంటే చెవి కింద బిళ్ళ చేతికి తగిలింది. మేం మళ్ళీ వెళ్ళేసరికి మూడు సెంటీమీటర్లు. నోడ్ పెంకు పగిలి బయట కండకి పాకింది అన్నారు. అప్పుడు పెద్ద ఆపరేషన్, కరెంటు (రేడియేషన్), దానితో పాటు కీమో. పద్నాలుగు నెలలు పోరాడాడు.

వెళ్ళకపోవడం మా తప్పు కూడా. కానీ "మీ మెడలో దాక్కుని ఉండే అవకాశం ఇంత" అని మొదటి రోజే ఎవరైనా కూర్చోబెట్టి చెప్పి ఉంటే, ఆటో అమ్మైనా సరే వాణ్ణి తీసుకెళ్ళేవాణ్ణి. మీ సర్జన్ గారు ముందే చెప్పారు. నాకు ఆయన మీద గౌరవం కలుగుతోంది.


మంగళగిరి మెడికో
ఫిబ్రవరి 10, మధ్యాహ్నం 1:10

లాకులు అన్నా, మీరు రాసింది చదివి చాలాసేపు ఏమీ తోచలేదు.

నేను సర్జరీ పీజీ చేస్తున్నాను. అక్క అడిగిన ప్రశ్న మీద ప్రపంచంలో ఇన్నాళ్ళూ వాదన నడిచింది. దానికి గట్టి జవాబు మన దేశం నుంచే వచ్చింది. ముంబై టాటా మెమోరియల్ ఆస్పత్రిలో డాక్టర్ అనిల్ డిక్రూజ్ బృందం, మెడలో నోడ్స్ కనిపించని తొలి దశ నోటి క్యాన్సర్ రోగులను చీటీ వేసినట్టు రెండు గుంపులు చేసింది. ఒక గుంపుకి మొదటే మెడ ఆపరేషన్, ఇంకో గుంపుకి బిళ్ళ వచ్చాకే. 2004 నుంచి 2014 దాకా నడిచింది. మొదటి 500 మంది ఫలితాలు 2015లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ అనే వైద్య పత్రికలో వచ్చాయి. మూడేళ్ళకి బతికున్నవాళ్ళు మొదటే తీసిన గుంపులో 80 శాతం, ఆగి చూసిన గుంపులో 67.5 శాతం. జబ్బు తిరగబెట్టకుండా ఉన్నవాళ్ళు 69.5, 45.9 శాతం. అంటే ఎనిమిది మందికి మొదటే మెడ ఆపరేషన్ చేస్తే ఒక ప్రాణం దక్కుతుంది. ఆగి చూసిన గుంపు కూడా క్రమం తప్పకుండా పరీక్షలు చేయించుకున్న గుంపే అని గుర్తుంచుకోండి. మన ఊళ్ళలో అంత క్రమం సాగదు.

ఇంకో మాట. అక్క రాసిన "లోతు 6 మిల్లీమీటర్లు" చాలా ముఖ్యం. పుండు వెడల్పు కన్నా లోతే మెడ సంగతి ఎక్కువ చెప్తుంది. నాలుక కండలోకి ఎంత దిగితే శోషరస నాళాలు అంత దగ్గర. మూడు నాలుగు మిల్లీమీటర్లు దాటితే మెడ సంగతి చూడమంటారు. ఇప్పుడు వాడుతున్న ఎనిమిదో ఎడిషన్ స్టేజింగ్‌లో 5 మిల్లీమీటర్ల లోతు దాటగానే, వెడల్పు రెండు సెంటీమీటర్లలోపే అయినా, పుండు దశ చెప్పే అంకె టీ1 కాస్తా టీ2 అవుతుంది. మీ నాన్నగారిది టీ2 కిందికే వస్తుంది.


సూర్యారావుపేట పద్మ
ఫిబ్రవరి 10, సాయంత్రం 5:30

నేను రెండో వైపు చెప్తాను. కోపం తెచ్చుకోవద్దు.

2009లో నాకు రొమ్ము క్యాన్సర్. రెండు సెంటీమీటర్లు కూడా లేదు. చంకలో నోడ్స్ అన్నీ తీసేశారు. రిపోర్టులో 17 నోడ్స్, పదిహేడూ శుభ్రం. అందరూ సంతోషపడ్డారు, నేనూ పడ్డాను. ఏడాదిన్నర తర్వాత ఎడమ చెయ్యి వాచింది. ఇప్పటికీ వాపే. పొద్దున్న లేవగానే స్లీవ్ తొడుక్కుంటాను. జాకెట్లు కుట్టించుకుంటే ఎడమ చెయ్యికి వేరే కొలత. మనవణ్ణి ఆ చేత్తో ఎత్తుకోలేను. పదిహేడు శుభ్రమైన నోడ్స్ కోసం.

2021లో మా చెల్లెలికి అదే జబ్బు. ఈసారి నేనే పట్టుబట్టి అడిగాను. నీలం రంగు మందు రొమ్ములో ఎక్కించి, అది ముందుగా చేరిన రెండు నోడ్స్ మాత్రమే తీసి పరీక్షించారు. రెండూ శుభ్రం. మిగతా చంక జోలికి పోలేదు. మర్నాడు మూత్రం ఆకుపచ్చగా వస్తే కంగారుపడి నాకు ఫోన్ చేసింది. ఆ రంగు మందే, పోతుందన్నారు, పోయింది. ఇవాళ అది రెండు చేతులతో పచ్చడి దంచుతోంది.

అందుకని అమ్మాయీ, అన్నీ తీసేయమనే ముందు "సెంటినెల్ నోడ్ చేయడానికి కుదురుతుందా" అని ఒక్క మాట అడుగు. దాక్కున్నది ఉందో లేదో తెలుసుకోవాలి, నిజమే. తెలుసుకోడానికి అంతా తవ్వాలా అన్నది కూడా అడగాల్సిన ప్రశ్నే.


మిర్చియార్డు అమ్మాయి
ఫిబ్రవరి 10, సాయంత్రం 6:05

పద్మ పిన్నీ, కోపం ఎందుకండీ. మీరు చెప్పింది నాకు అస్సలు తెలియదు. నోటికి కూడా అలా చేస్తారా?


గామా గది
ఫిబ్రవరి 10, రాత్రి 9:00

నేను న్యూక్లియర్ మెడిసిన్ టెక్నీషియన్‌ని. చేస్తారు. ఎలాగో చెప్తాను.

కృష్ణా కాలువల ఊరివాళ్ళం కదా, సులువుగా అర్థమవుతుంది. బ్యారేజీ దగ్గర నీళ్ళలో ఏదైనా కొట్టుకొస్తే ముందు ఏ లాకు దగ్గర తగులుకుంటుంది? తొలి లాకు దగ్గర. పుండు నుంచి బయల్దేరిన శోషరసం కూడా అలాగే ముందు ఒకటి రెండు నోడ్స్‌కి చేరి, తర్వాతే మిగతావాటికి వెళ్తుంది. ఆ తొలి నోడ్‌నే సెంటినెల్ నోడ్, అంటే కాపలా నోడ్ అంటారు. అది శుభ్రమైతే వెనకవి కూడా శుభ్రమై ఉండే అవకాశం చాలా ఎక్కువ.

పుండు చుట్టూ నాలుగు చోట్ల సన్న సూదితో టెక్నీషియం-99ఎం కలిపిన మందు ఎక్కిస్తాం. ఆరు గంటలకి దాని శక్తి సగమైపోతుంది కాబట్టి ఒంట్లో ఎక్కువసేపు నిలవదు. కెమెరా కింద పడుకోబెడితే మందు ఏ దారిన పోయిందో చుక్కల్లా కనిపిస్తుంది. ఆపరేషన్ గదిలో సర్జన్ గారు పెన్నులాంటి గామా ప్రోబ్ మెడ మీద జరుపుతుంటే, నోడ్ దగ్గర చప్పుడు పెరుగుతుంది. అక్కడ చిన్న కోత. ఇప్పుడు కొన్ని చోట్ల ఐసీజీ అనే ఆకుపచ్చ మందు వాడుతున్నారు, ప్రత్యేక కెమెరాలో మెరుస్తుంది, రేడియేషన్ ఉండదు.

మొదట ఈ పద్ధతిని మెలనోమా అనే చర్మ క్యాన్సర్‌కి డాక్టర్ డోనాల్డ్ మోర్టన్ 1992లో నీలం రంగుతో చూపించారు. 1994లో డాక్టర్ అర్మాండో జూలియానో రొమ్ముకి తెచ్చారు. నోటికి తర్వాత వచ్చింది.

నోట్లో ఒక ఇబ్బంది ఉంది. నాలుక కింద, నోటి అడుగున పుండు అయితే, సూది వేసిన చోటు, దవడ కింద నోడ్ పక్కపక్కనే ఉంటాయి. సూది చోటి వెలుగులో నోడ్ వెలుగు కలిసిపోయి కనపడదు. నాలుక పక్కన పుండుకి ఈ బాధ తక్కువ.


మంగళగిరి మెడికో
ఫిబ్రవరి 10, రాత్రి 9:40

గామా గారు చెప్పింది సరైనదే. 2020లో ఫ్రాన్స్ నుంచి, 2021లో జపాన్ నుంచి వచ్చిన పోలికల్లో తొలి దశ నోటి క్యాన్సర్‌కి సెంటినెల్ పద్ధతి, మెడ ఆపరేషన్‌తో సమానంగానే నిలిచింది. భుజం బాధ తక్కువ కూడా. కాబట్టి పద్మ ఆంటీ ప్రశ్న నూటికి నూరుపాళ్ళు న్యాయమైనది.

కాకపోతే రొమ్ము లెక్క నోటికి అలాగే పట్టదు. రొమ్ములో ఇప్పుడు కాపలా నోడ్స్ ఒకటి రెండింటిలో క్యాన్సర్ ఉన్నా, రొమ్ము ఉంచి చేసే ఆపరేషన్, తర్వాత కరెంటు ఉంటే చంకంతా తీయక్కర్లేదని అమెరికాలో జెడ్0011 అనే పరీక్ష తేల్చింది. పదేళ్ళ ఫలితాలు 2017లో వచ్చాయి. అక్కడ కరెంటు, కీమో, హార్మోన్ మాత్రలు మిగిలినదాన్ని చూసుకుంటాయి. నోట్లో అంత వెసులుబాటు లేదు. కాపలా నోడ్‌లో ఉందని తేలితే మళ్ళీ మత్తిచ్చి మెడంతా తీయాల్సిందే.


స్లైడు మాస్టారు
ఫిబ్రవరి 10, రాత్రి 11:20

పద్మ గారూ, మీ చేతి సంగతి చదివి బాధ కలిగింది. ఆ పదిహేడు నోడ్స్‌ని నాలాంటివాడే ఎవరో లెక్కపెట్టి "శుభ్రం" అని రాసి ఉంటాడు.

సెంటినెల్ గురించి నా అభిప్రాయం చెప్తాను. సర్జన్ ఎంత బాగా వెతికి తెచ్చినా, దాక్కున్నది బయటపడేది చివరికి ల్యాబ్ బల్ల మీదే. మామూలుగా మెడ ఆపరేషన్‌లో వచ్చిన కొవ్వు ముద్దని ఫార్మలిన్‌లో ఉంచి, వేళ్ళతో నలిపి చూస్తూ ఒక్కో నోడ్‌నీ ఏరతాం. కందిగింజంత నోడ్ కూడా వదలకూడదు. ఒక్కోదాన్ని రెండు మిల్లీమీటర్ల ముక్కలుగా కోసి, మైనంలో దించి, అందులోంచి వెంట్రుక కన్నా ఎంతో పల్చని పొర, మిల్లీమీటరులో వెయ్యో వంతులు నాలుగు, అంటే నాలుగు మైక్రాన్లు, గాజు మీదికి ఎక్కించి రంగు వేసి చూస్తాం. రెండు మిల్లీమీటర్ల ముక్కలో చూసేది ఆ ఒక్క పొర. మిగతాదంతా మైనం దిమ్మెలోనే ఉండిపోతుంది.

కాపలా నోడ్‌కి అలా చేస్తే చాలదు. దిమ్మెని అంచెలంచెలుగా, 150 నుంచి 200 మైక్రాన్లకి ఒకసారి కోస్తూ పోవాలి. సైటోకెరటిన్ అనే రంగు పరీక్ష చేస్తే క్యాన్సర్ కణం గోధుమరంగులో తేలి కనిపిస్తుంది. ఒక్క నోడ్‌కి పదుల కొద్దీ స్లైడ్లు. దానికి మనుషులు కావాలి, తీరిక కావాలి, ఖర్చు ఉంది. ఈ ఓపిక లేని చోట సెంటినెల్ చేసి, ఒక్క పొర చూసి "శుభ్రం" అని రాస్తే, ఆ మాట కన్నా ప్రమాదం లేదు. అమ్మాయీ, అక్కడ ఈ ఏర్పాటు ఉందా అని అడుగు. ఉంటే ఆలోచించండి. లేకపోతే మెడ ఆపరేషన్‌కే వెళ్ళండి. ఇది నా గట్టి నమ్మకం.


కృష్ణలంక కుర్రాడు
ఫిబ్రవరి 11, ఉదయం 8:15

మాస్టారూ, నేను పెట్ గురించి తొందరపడి రాశాను, క్షమించండి. ఒక సందేహం. ఇప్పుడు కంప్యూటర్లకి ఏఐ వచ్చింది కదా. స్లైడ్లు అదే చూస్తే పోదా?


స్లైడు మాస్టారు
ఫిబ్రవరి 11, ఉదయం 10:00

మంచి ప్రశ్న బాబూ. 2016లో క్యామెలియన్16 అని ఒక పోటీ పెట్టారు. రొమ్ము కాపలా నోడ్స్ స్లైడ్లు 129. పదకొండు మంది పాథాలజిస్టులకి సుమారు రెండు గంటల గడువు ఇచ్చారు, మరోపక్క కంప్యూటర్ ప్రోగ్రాములు. గడువు మీద చూసిన మనుషుల కన్నా మంచి ప్రోగ్రాములే బాగా పట్టుకున్నాయి. గడువు లేకుండా సుమారు 30 గంటలు కూర్చుని చూసిన ఒక పాథాలజిస్టు మాత్రం వాటికి దీటుగా నిలిచాడు. నాకు దాంట్లో అర్థమైంది ఏమిటంటే, చిన్న మచ్చలు తప్పిపోయేది చూపు లేక కాదు, తీరిక లేక. యంత్రం తోడుంటే సంతోషంగా తీసుకుంటాను. కానీ దిమ్మెలో కోయకుండా వదిలేసిన పొరని ఏ యంత్రమూ చూడలేదు.


నిర్వాహకులు
ఫిబ్రవరి 11, ఉదయం 10:30

ఒక మనవి. కొందరు రిపోర్టు ఫొటోలు పెడుతున్నారు. పేరు, కార్డు నంబరు, ఆస్పత్రి నంబరు కనిపించకుండా చూసుకోండి. ఇందాక ఒకటి తొలగించాం.


మిర్చియార్డు అమ్మాయి
ఫిబ్రవరి 12, రాత్రి 8:50

మంగళవారం సర్జన్ గారితో మాట్లాడాం. బాబాయ్‌ని కూడా తీసుకెళ్ళాం. మీరు చెప్పినవన్నీ కాగితం మీద రాసుకుని వెళ్ళాను. ఆయన విసుక్కోకుండా ముప్పావుగంట కూర్చున్నారు.

సెంటినెల్ గురించి అడిగాను. తమ దగ్గర గామా ప్రోబ్ లేదనీ, అంచెలంచెలుగా కోసి చూసే ఏర్పాటు ల్యాబ్‌లో లేదనీ దాచకుండా చెప్పారు. కావాలంటే హైదరాబాద్‌కో, విశాఖ హోమీ భాభా క్యాన్సర్ ఆస్పత్రికో రాసిస్తానన్నారు. మూడు నాలుగు వారాలు ఆగాల్సి రావచ్చట. మెడలో ఎంతవరకు తీస్తారని అడిగితే ఒకటి నుంచి నాలుగో లెవెల్ (మెడలో నోడ్స్ ఉండే భాగాలకి పెట్టిన అంకె) వరకు, నాలుక క్యాన్సర్ ఒక్కోసారి పైవాటిని దాటి కిందికి దూకుతుంది కాబట్టి అన్నారు. భుజానికి వెళ్ళే నరం, పెద్ద రక్తనాళం, కండ అన్నీ ఉంచుతారట.

బాబాయ్ మళ్ళీ అదే మాట ఎత్తాడు, "ఉందో లేదో తెలియకుండా..." అని. అప్పుడు నాన్న నోరు విప్పారు. ఇన్నాళ్ళలో మొదటిసారి. "మచ్చు చూసి లాటు కొన్నాక తాలు తేలితే ఎవరం మోశాం రా? మనమే కదా. కుమ్మరించి చూడనీ" అన్నారు. బాబాయ్ ఇంకేం అనలేదు. సంతకం పెట్టేశారు. ఈ నెల 20న ఆపరేషన్.


సూర్యారావుపేట పద్మ
ఫిబ్రవరి 12, రాత్రి 9:30

అడిగి, తెలుసుకుని నిర్ణయం తీసుకున్నారు. నాకు అదే కావాల్సింది. ఆ రోజు అమ్మవారి గుడికి వెళ్తాను. మీ నాన్నగారి గోత్రం పంపు.


బ్రాడీపేట ఫిజియో
ఫిబ్రవరి 13, ఉదయం 7:00

అమ్మా, ఒకటి ముందే చెప్తున్నాను. నరం ఉంచినా, ఆపరేషన్‌లో దాన్ని పక్కకి జరపడం వల్ల కొన్నాళ్ళు భుజం బరువుగా, చెయ్యి పైకెత్తలేనట్టు ఉంటుంది. చాలామంది నొప్పి అని చెయ్యి కదపకుండా ఉంచేస్తారు, భుజం బిగుసుకుపోతుంది. డ్రెయిన్ ట్యూబులు తీశాక, సర్జన్ గారు సరేనన్న రోజు నుంచే భుజాలు ఎగరేయడం, గోడ మీద వేళ్ళు పాకిస్తూ చెయ్యి పైకి తీసుకెళ్ళడం మొదలుపెట్టించు. రోజుకి మూడు పూటలా. గోడ మీద పెన్సిల్‌తో గీత గీసి పెట్టుకోండి, ఇవాళ ఎంత ఎత్తు అందిందో తెలుస్తుంది.


మిర్చియార్డు అమ్మాయి
మార్చి 5, రాత్రి 9:15

ఆపరేషన్ బాగా జరిగింది. ఏడో రోజు ఇంటికొచ్చాం. ఇవాళ రిపోర్టు వచ్చింది. చేతులు వణుకుతున్నాయి, తప్పులుంటే మన్నించండి.

నాలుక ముక్క అంచులు శుభ్రం. మెడలో 31 నోడ్స్ దొరికాయి. 30 శుభ్రం. రెండో లెవెల్‌లో ఒక్కదాంట్లో 1.6 మిల్లీమీటర్ల మెటాస్టాసిస్, పెంకు దాటలేదు అని రాశారు. పెరిన్యూరల్ ఇన్వేజన్ ఉంది అని ఇంకో లైను. చివర స్టేజ్ మూడు.

ఎమ్మారైలో ఏమీ లేదన్నారు, చిన్నదే అన్నారు. మరి మూడో స్టేజ్ ఏమిటి? ఈ పదిహేను రోజుల్లో పెరిగిపోయిందా? అమ్మకి ఇంకా చెప్పలేదు.


స్లైడు మాస్టారు
మార్చి 5, రాత్రి 9:50

అమ్మాయీ, ముందు మంచినీళ్ళు తాగు. పదిహేను రోజుల్లో పెరగలేదు. ఎమ్మారై తీసిన రోజూ అది అక్కడే ఉంది. అప్పుడు మనకి కనపడలేదు, ఇప్పుడు కనపడింది. జబ్బు మారలేదు, మన లెక్క మారింది.

నోటి క్యాన్సర్ స్టేజింగ్‌లో ఒక్క నోడ్‌లో ఎంత చిన్నది ఉన్నా మూడో స్టేజ్ కిందే రాస్తారు. మూడు సెంటీమీటర్ల బిళ్ళకీ, మీ నాన్నగారి 1.6 మిల్లీమీటర్లకీ కాగితం మీద అదే అంకె. 0.2 దాటి 2 మిల్లీమీటర్ల లోపు ఉన్నదాన్ని మైక్రోమెటాస్టాసిస్ అంటాం. పెంకు దాటకపోవడం చాలా మంచి వార్త. 31 నోడ్స్ దొరకడం కూడా మంచి వార్తే, 18కి తగ్గకుండా ఉంటే మెడ ఆపరేషన్ సరిగ్గా జరిగిందని లెక్క. అక్కడి పాథాలజిస్టు ఎవరో శ్రద్ధగా ఏరాడు. ఆ 1.6 మిల్లీమీటర్లని వదలకుండా పట్టుకున్నాడు. వీలుంటే ఆయనకి నా నమస్కారం చెప్పు.

రిపోర్టుతో పాటు స్లైడ్లూ, మైనం దిమ్మెలూ భద్రంగా ఉంచమని అడుగు. రేపు ఎవరైనా రెండోసారి చూడాలంటే కావాల్సింది అవే.


మంగళగిరి మెడికో
మార్చి 5, రాత్రి 10:25

అక్కా, నరం వెంట పాకడం (పెరిన్యూరల్ ఇన్వేజన్) ఉంది, ఒక నోడ్ ఉంది కాబట్టి ట్యూమర్ బోర్డు, అంటే కలిసి నిర్ణయించే డాక్టర్ల బృందం, కరెంటు చెప్పే అవకాశం ఎక్కువ. సాధారణంగా 30 సిట్టింగులు, వారానికి అయిదు, ఆరు వారాలు. ఆపరేషన్ అయిన ఆరు వారాల్లోపు మొదలుపెడితే మేలు. పెంకు దాటి ఉంటేనో, అంచుల్లో మిగిలి ఉంటేనో కీమో కూడా కలుపుతారు. మీకు ఆ రెండూ లేవు. వెంటనే చేయాల్సిన పని పళ్ళ డాక్టర్‌ని కలవడం. పుచ్చు పళ్ళుంటే కరెంటుకి ముందే తీయించాలి, తర్వాత తీస్తే దవడ ఎముక మానడం కష్టం.


బందరు లాకులు
మార్చి 6, ఉదయం 5:40

రాత్రంతా ఆ 1.6 గురించే ఆలోచించాను. మా తమ్ముడిది కూడా మొదట్లో అంతే ఉండి ఉంటుంది కదా. మీ నాన్నగారిది బయటికి తీశారు. ఇవాళ చాలా రోజుల తర్వాత మనసు తేలికగా ఉంది అమ్మా.

కరెంటుకి రోజూ రానుపోను ఆటో కావాలంటే నాకు మెసేజ్ పెట్టు. వాడి ఆటో నా దగ్గరే ఉంది.


మిర్చియార్డు అమ్మాయి
మే 18, సాయంత్రం 6:40

కరెంటు 30 సిట్టింగులూ అయిపోయాయి. నోరంతా పొక్కి, మూడు వారాలు ముక్కు ట్యూబుతోనే పాలు, జావ. ఇప్పుడు మెత్తటి పెరుగన్నం తింటున్నారు. లాకులు బాబాయ్ పదహారు రోజులు ఆటోలో తీసుకెళ్ళారు, డీజిల్ డబ్బులు కూడా పుచ్చుకోలేదు. గోడ మీద పెన్సిల్ గీత తలుపు చట్రం దాటింది. "ర" ఇంకా సరిగ్గా పలకడం లేదు, స్పీచ్ థెరపీకి వెళ్తున్నాం. యార్డుకి ఎండాకాలం సెలవులు, తెరిచేలోపు మాట తెచ్చుకోవాలని ఆయన పట్టుదల. మొదటి రెండేళ్ళూ దగ్గర దగ్గరగా చూపించుకోవాలన్నారు. తేదీలన్నీ క్యాలెండర్ మీద ఎర్ర సిరాతో రాసి పెట్టాను.


సత్తెనపల్లి శ్రీను
మే 20, రాత్రి 9:05

అక్కా, ఈ చర్చంతా ఇవాళే చదివాను. మా అమ్మకి బుగ్గ లోపల పుండు, ముక్క పరీక్షలో క్యాన్సర్ అని వచ్చింది. సీటీలో మెడ క్లియర్ అని రాశారు. ఎల్లుండి డాక్టర్‌ని కలుస్తున్నాం. ఏమడగాలో తెలియడం లేదు.


మిర్చియార్డు అమ్మాయి
మే 20, రాత్రి 9:12

శ్రీనూ, కంగారుపడకు. రిపోర్టులో పుండు లోతు ఎన్ని మిల్లీమీటర్లని రాశారో ముందు చూసి చెప్పు. రాయకపోతే, ఎల్లుండి మొదట అడగాల్సింది అదే. మాస్టారు కూడా ఇప్పుడు ఆన్‌లైన్‌లోనే ఉన్నారు.